ఎర్రగీత దాటిన ముల్లు

చిన్నాయనా,

నమస్తే. నువ్వు పోయి నేటికి ఏడాదీ రెండు నెలలు. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా అలసటో సిగ్గో ఒకటి అడ్డం వచ్చేది... రెండింట్లో ఏది ఏదో నాకే తెలిసేది కాదు.

ఇప్పుడు గిద్దలూరు దగ్గర మా పల్లెలో, అమ్మ ఇంట్లోనే ఉండాను. అమ్మ మిరపకాయ కోతకు పోయింది. ఎండ ఇంకా వాకిట్లోకి రాలేదు. వచ్చే లోపల రాసేయాలని కూర్చున్నా.

నీకు చెప్పాల్సింది చాలా ఉంది. మంచిది తక్కువ.

నిన్ను మొదట సార్ అన్నాను, గుర్తుందా? హైదరాబాదులో మన కంపెనీ షెడ్డు. నేను ఉత్తరాదిన చిన్న పెట్రోలు హెలికాప్టరు నేర్చుకుని, స్కాలర్‌షిప్పు పుణ్యాన లైసెన్సు తెచ్చుకుని, అన్నీ తెలిసినోడిలా వచ్చినాను. నువ్వు ముప్పై ఏళ్లు టర్బైను మిషన్లు తోలి, మిలిటరీ సర్వీసు నుంచి దిగి, కొత్తోళ్లకు నేర్పేదానికి అక్కడ చేరినావు. ఏ ఊరని అడిగినావు. గిద్దలూరు అన్నాను. నవ్వినావు. నాది రాచర్ల పక్క, గొర్రెలోళ్ల ఇల్లు అన్నావు. సారూ గీరూ కంపెనీ వాళ్ల ముందర అనుకో, నాకు మాత్రం చిన్నాయనా అని పిలువు అన్నావు. మాది కూలి చేసే కిరస్తానపు ఇల్లు. మా ఇంట్లో చిన్నాయన అని పిలిచేదానికి ఎవరూ మిగల్లేదు. నీకు ఆ సంగతి ఎట్ల తెలిసిందో...

ఆ రోజు నువ్వు చెప్పిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"పెట్రోలు మిషను ఎద్దు లాంటిది. కొట్టినా తిట్టినా ఓర్చుకుంటది. ఈ టర్బైను అట్ల కాదు. మెత్తగా ఉంటది, బలంగా ఉంటది. కానీ స్టార్టు చేసే మొదటి అరనిమిషంలో ఏమరితే లోపల కాలిపోతది. బయటికి ఒక్క పొగ కూడా రాదు."

ఆ అరనిమిషం కోసం నెల రోజులు నేర్పినావు. ఎగరడం కంటే ముందు, కూర్చుని ఇంజను స్టార్టు చెయ్యడమే. వేడి చూపించే గేజీ, దాంట్లో ముల్లు, పైన ఎర్రగీత. "ముల్లు మీదనే కన్ను. ఎవురు పిలిచినా తల తిప్పమాక. దేవుడొచ్చినా కాసేపు నిలబడమను" అనేవాడివి. ముల్లు గీత దగ్గరికి వచ్చేదాకా చూస్తా కూర్చోవద్దు, అది ఉరికే తీరు చూడు, ఆ ఉరుకులోనే అంతా తెలిసిపోతది అనేవాడివి. పొరపాటున దాటబోతే ఏం చెయ్యాలో నాలుగు మాటల్లో చెప్పినావు. "మంట ఆర్పు, గాలి ఆపొద్దు." ఇంధనం కట్టెయ్యాల, స్టార్టరు మాత్రం వదలకూడదు. తిరిగే గాలే లోపలి వేడిని బయటికి తోస్తది.

బ్యాటరీ నీరసంగా ఉంటే స్టార్టు వద్దన్నావు. ఇంజను మెల్లగా తిరిగితే గాలి తక్కువ, మంట ఎక్కువ. వెనకగాలికి నిలబెట్టి స్టార్టు చెయ్యొద్దన్నావు. బయటికి పోవాల్సిన వేడి మళ్లీ లోపలికే వస్తది.

గాల్లోకి లేచినాక ఇంకో చదువు. పవరు అడిగిన వెంటనే రాదు, కొంచెం ముందరే అడుగు, దిగేటప్పుడు ఆఖర్న గుంజొద్దు. కరెంటు తీగ కనపడదు, స్తంభం కనపడతది. స్తంభం చూసి తీగ ఉందని నమ్ము, స్తంభం మీదుగానే దాటు. జనాన్ని ముందర నుంచే రానియ్యి, తోక దిక్కు ఒక్కణ్ణి కూడా పోనియ్యొద్దు. ఎండాకాలం మధ్యాన్నం గాలి పలచబడతది, పొద్దున నలుగుర్ని మోసిన మిషను అప్పుడు ముగ్గుర్నే మోస్తది, మొహమాటానికి నాలుగోవాణ్ణి ఎక్కించుకోవద్దు...

ఒక పైలెట్టు మీకింత భయం ఎందుకు సార్ అని నవ్వినాడు ఒకసారి. నీకు కోపం రాలేదు. "మా నాయన గొర్రెలు తోలేవాడు. మంద ముందర పోయే పొట్టేలును ఎవురైనా చూస్తారు. నాయన ఎనకాల కుంటే గొర్రెనే చూసేవాడు. తోడేలు దాని కోసమే వస్తదని" అన్నావు. అంతే.

నీ కాళ్లు వాచింది నేనే ముందు చూసినాను. బూట్లు ఎక్కేవి కాదు. ఏంది చిన్నాయనా అంటే ఉప్పు ఎక్కువైందిలే అన్నావు. ఒకరోజు శ్రీశైలం నుంచి తిరిగొస్తా, గాల్లో, మాటల మధ్యలో ఆగిపోయినావు. కంట్రోలు నా చేతికిచ్చి "ఇంక నువ్వు తోలు" అన్నావు. దిగినాక ఎవరూ అడగకముందే పోయి డాక్టరుకు నువ్వే చెప్పుకున్నావు. కిడ్నీలు. మన పక్క ఎన్ని ఇళ్లల్లో లేదు ఆ జబ్బు... నెల రోజులు దాచిపెట్టి ఉంటే కంపెనీ నీకు ఇంకో ఏడాదికి సంతకం పెట్టేది. అది తెలిసే చెప్పినావు. "పైలెట్టు కూడా ఒక గేజీనే. కాకపోతే దానికి ముల్లు ఉండదు. వాడే చూసుకోవాల" అన్నావు.

తర్వాత ఒంగోలు ఆస్పత్రి. నాకు సెలవు దొరికినప్పుడల్లా నీతో వచ్చేవాణ్ణి. మార్కాపురంలో బస్సెక్కి, పొదిలి మీదుగా. రక్తం మిషన్లో తిరుగుతుంటే నువ్వు మంచం మీద కళ్లు మూసుకుని నన్ను ప్రశ్నలు అడిగేవాడివి. ముల్లు ఉరికితే? తోక తిరిగితే? దుమ్ము లేస్తే? పక్క మంచం ఆయన మనిద్దర్నీ పిచ్చోళ్లను చూసినట్టు చూసేవాడు.

అక్కడే ఒకనాడు అన్నావు. "దానియేలూ, మిషను కాలితే కొత్త ముక్క ఏస్తారు. రాయకుండా దాచిన మాటకు కొత్త ముక్క ఉండదు." నేను అది కూడా పాఠమే అనుకున్నాను. నీ గొంతు మారింది. నేను గమనించలేదా... గమనించి అడగలేదా?

నువ్వు పోయినాక నాలుగు నెలలకు జరిగింది ఇప్పుడు చెప్తా.

రాష్ట్రం రెండైనాక మన కంపెనీకి పని పెరిగిన సంగతి నీకు తెలిసిందే. పెద్దోళ్లు పొద్దున బెజవాడ, మధ్యాన్నం హైదరాబాదు. నిద్ర చాలేది కాదు. ఎండాకాలంలో ఆ తిరుగుళ్లు కాస్త తగ్గినయ్. మిషను ఊరికే ఎందుకుండాలని కంపెనీ వాళ్లు ఊర్లల్లో జాయ్ రైడు పెట్టినారు. టికెట్టు కొని ఎక్కితే ఏడు నిమిషాలు తిప్పి దించాల. మార్కాపురంలో కాలేజీ గ్రౌండులో నాలుగు రోజులు. మన పక్క పిల్లోడు కదా అని నన్నే పంపినారు.

జనం వచ్చినారు చిన్నాయనా... నువ్వు చూడాల్సింది. పలకల ఫ్యాక్టరీల నుంచి చేతులకు రాతిదుమ్ము కడుక్కోకుండానే వచ్చినారు. రాచర్ల నుంచి ఆటోలు కట్టుకుని వచ్చినారు. ట్యాంకరుతో నేల తడిపిచ్చినాను. తోక దిక్కు తాళ్లు కట్టిచ్చినాను. ముగ్గురికి మించి మధ్యాన్నం ఎక్కించనని పట్టుబట్టినాను. నువ్వు చెప్పినవన్నీ చేసినాను. ఆ స్టార్టు ఒక్కటి తప్ప.

మూడో రోజు. పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా లేస్తా దిగుతా ఉన్నాను. అన్నానికి మిషను ఆపినాను. రెండు ముద్దలు తిన్నాను. కళ్లు మూతలు పడుతున్నయ్. అయినా లేచినాను. గాలి తిరిగింది. తోక మీదుగా కొడతా ఉంది. మిషనును తిప్పి నిలబెట్టాల్సింది. మన ఇంజనీరు సుభాన్ అన్న వచ్చి బ్యాటరీ నీరసంగా ఉంది, బయటి బ్యాటరీ బండి తెస్తా, పది నిమిషాలు ఆగు అన్నాడు. జనం ఎండలో నిలబడినారు, వద్దులే అన్నా అన్నాను.

ఎడమ చేత్తో స్టార్టరు నొక్కినాను. ఇంజను మెల్లగా తిరుగుతోంది. ఇంధనం వదిలినాను. ముల్లు లేచింది. సరిగ్గా అప్పుడే మైకులో నా పేరు పిలిచినారు. మన గిద్దలూరు బిడ్డ, కెప్టెన్ దానియేలు అని. గ్రౌండంతా ఈలలు, కేకలు.

నేను తల ఎత్తినాను. కుడి చెయ్యి ఎత్తి ఊపినాను.

మళ్లీ కిందికి చూసేటప్పటికి ముల్లు ఎర్రగీత దాటి ఉంది.

మంట ఆర్పినాను. గాలి ఆపలేదు. చెయ్యి దానంతట అదే చేసింది, నీ చెయ్యే అది. ముల్లు దిగింది. ఎంతసేపు పైన ఉందో... రెండు సెకన్లా? ఐదా? నేను చూడలేదు గదా. ఆ పాత మిషన్లో రాసిపెట్టుకునే పరికరం కూడా లేదు. ఎదురుగా మంటలార్పే సిలిండరు పట్టుకుని సుభాన్ అన్న నిలబడినాడు. ఏమైంది అని తల ఎగరేసినాడు. ఏం లేదని బొటనవేలు చూపించినాను.

ఆ బొటనవేలు... దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

మిషనును గాలికి ఎదురు తిప్పించి, బ్యాటరీ బండి తెప్పించి, మళ్లీ స్టార్టు చేసినాను. అన్ని ముళ్లూ పచ్చగీతలోనే. ఇంజను కొత్త పెళ్లికూతురంత మెత్తగా తిరిగింది. బయటికి ఒక్క పొగ కూడా లేదు... నువ్వు చెప్పినట్టే.

ఒక ట్రిప్పు ఎగిరినాను చిన్నాయనా. అది కూడా చెప్పాల. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడూ పెళ్లాం, అతని తల్లి. ముసలామె నా పక్కన కూర్చుంది. కింద ఎండిపోయిన చెరువు చూసి ఇంతేనా మన ఊరు అంది. వాళ్ల ఇల్లు యాడుందో చూపించమంది. చూపించినాను. నా చెవులు మాత్రం ఇంజను మీదనే. ఏడు నిమిషాలు. దిగినాక ఆమె నా మోచెయ్యి పట్టుకుని చల్లగా ఉండు నాయనా అనేసి పోయింది.

తర్వాతి ట్రిప్పుకు తాడు దగ్గర నిలబడింది ఎవరో తెలుసా? అమ్మ. కోతకు పొయ్యే ఆడోళ్లను ఇద్దర్ని వెంటబెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, నా కొడుకు తోలే మిషను అని వాళ్లకు చూపిస్తా ఉంది.

నా చెయ్యి ఆగిపోయింది. ఇంజను చల్లారనిచ్చి ఆపేసినాను. దిగిపోయినాను.

ఇదే నన్ను తింటున్నది. ఆ ముసలామెను ఎక్కించుకున్న చేతులు అమ్మ దగ్గరికి వచ్చేటప్పటికి ఎందుకు ఆగినయ్? ఆమె ఇంకొకరి అమ్మ కాదా? నువ్వు బతికి ఉంటే ఈ ప్రశ్న నీ ఎదుట పెట్టేవాణ్ణి. నువ్వు బీడీ ముట్టించేవాడివి, నాకు తెలుసు.

సుభాన్ అన్నకు చెప్పినాను. ఆయన సిలిండరు కింద పెట్టి, నాకు అప్పుడే అనుమానం, నువ్వే చెప్తావని చూస్తా ఉన్నాను అన్నాడు. ఇంకో ట్రిప్పుకు పోతే తాళం నేనే గుంజుకునేవాణ్ణి అన్నాడు. ఎందుకో ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

హైదరాబాదుకు ఫోను చేసినాను. మేనేజరు ఎవరైనా చూసినారా అని అడిగినాడు. లేదన్నాను. మిషను లాగ్ పుస్తకంలో రాసే ముందు పది నిమిషాలు ఆలోచించుకో అన్నాడు. మంచిగానే చెప్పినాడు, నా ఉద్యోగం పోతదని.

పది నిమిషాలు గుడారంలో కూర్చున్నాను. మరుసటి రోజు నాకు విశ్రాంతి, నా బదులు స్రవంతి రావాల. నువ్వు పోయినాక చేరిన అమ్మాయి, పెట్రోలు మిషను నుంచి కొత్తగా టర్బైను మీదికి వచ్చింది. నేను ఏమీ రాయకపోతే ఆ పిల్ల పొద్దున్నే వచ్చి, పుస్తకం తిప్పి, అంతా బాగుందని నమ్మి, జనాన్ని ఎక్కించుకుంటది. నన్ను నమ్మి...

రాసినాను. వేడి గీత దాటింది, ఎంతసేపో తెలియదు, నేను చూడలేదు అని. దాని కింద ఇంకో వరస. ఆ తర్వాత ఒక ట్రిప్పు ఎగిరినాను అని. మొదటి వరస ఒక్క ఊపున రాసినాను. రెండో వరసకు ముందు పెన్ను రెండుసార్లు కింద పెట్టినాను.

జాయ్ రైడు ఆపేసినారు. టికెట్లు కొన్నోళ్లు కేకలేసినారు. మధ్యాన్నం నా పేరు పలికిన మైకులోనే సాంకేతిక కారణాలు అని చెప్పినారు. అమ్మ నా మొహం చూసింది, ఏమన్నా తిన్నావా అంది, ఆడోళ్లను ఆటో ఎక్కించుకుని పోయింది. ఇప్పటిదాకా మిషను ఎక్కలేదు ఆమె.

ఇంజను విప్పినారు. లోపల టర్బైనుకుండే మొదటి వరస రెక్కల అంచులు కాలి ఉన్నయ్యంట. ఎన్ని ట్రిప్పులకు పోయేది అన్నా అని సుభాన్ అన్నను అడిగినాను. ఒకటి కావచ్చు, వంద కావచ్చు, ఎవరు చెప్తారు అన్నాడు.

నన్ను ఇంటికి పంపినారు. విచారణ ఒకసారి, మళ్లీ ఒకసారి, కాగితాలు, సంతకాలు. నిజం చెప్పినావు గాబట్టి లైసెన్సు ఉంచుతున్నాం, ట్రిప్పు ఎగిరినావు గాబట్టి పక్కన పెడుతున్నాం అన్నారు. రెండూ న్యాయమే. న్యాయమైనా మోయాల్సిందే గదా.

పది నెలలైంది ఎగరక. ఊర్లో మొదట్లో అడిగేవాళ్లు, ఎప్పుడు పోతున్నావని. తర్వాత అడగడం మానేసినారు, అది ఇంకా బరువు. బస్టాండు కాడ టీ అంగట్లో నా ఎనకాల హెలికాప్టరు కాల్చినోడు అని పేరు. ఖాళీగా కూర్చోలేక నీళ్ల ట్రాక్టరు తోలినాను. బోర్లు ఎండిపోయిన పల్లెలకు ట్యాంకరు. బిందెలు పట్టుకుని ఎదురొచ్చే ఆడోళ్లకు నేను ఎవరో అక్కర్లేదు, నీళ్లు వస్తే చాలు. అదొక్కటే కొంచెం తెరిపి.

ఆ ట్యాంకరే నన్ను మీ ఊరికి తీసుకుపోయింది, రెండు నెలల కింద.

చిన్నమ్మ బాగానే ఉంది. గొర్రెలు అమ్మేసింది. ఐదు మేకలు పెట్టుకుంది. నన్ను చూసి ఇన్నాళ్లకు దారి దొరికిందా అంది. రాగిసంకటి పెట్టింది. నా సంగతి అంతా చెప్పినాను, దాచకుండా. ఆమె వింటా వింటా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నా కోసం అనుకున్నాను.

అప్పుడు చెప్పింది. ఆఖరి నెలలో నువ్వు ఆమెకు చెప్పిన మాట.

వయసులో ఉండంగా, ఉత్తరాది కొండల్లో, చలికి బ్యాటరీ చచ్చి ఉంటే తొందరపడి స్టార్టు చేసినావంట. ముల్లు గీత దాటిందంట. ఎవరూ చూడలేదంట. నువ్వు రాయలేదంట.

మరుసటి రోజు ఆ మిషను గుర్మీత్ తోలినాడంట. నీ స్నేహితుడు. గాల్లో ఇంజను పోయింది. ఏటి ఒడ్డున రాళ్ల మీద దించినాడు. ప్రాణం దక్కింది, నడుం విరిగింది. విచారణలో దుమ్ము వల్ల అని తేల్చినారు. నువ్వు అప్పుడూ చెప్పలేదు.

సంకటి చేతిలో ఎండిపోయింది.

చిన్నాయనా... నువ్వా? నాకు ఆ నెల రోజులు అరనిమిషం నేర్పింది అందుకా? నీకు భయం ఎందుకని నవ్వినోడికి గొర్రెల కథ చెప్పినావే, ఆ కుంటే గొర్రె ఎవురు? నాకెందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే నిన్ను తక్కువ చేసి చూసేవాణ్ణా? చూసేవాణ్ణేమో... ఆ వయసులో చూసేవాణ్ణి.

కోపం వచ్చింది. నిజం చెప్తున్నా. రెండు రోజులు ట్రాక్టరు మీద నీతో పోట్లాడతా తిరిగినాను. మూడో రోజుకు ఓపిక అయిపోయింది. నేను బొటనవేలు చూపించినోణ్ణి. అమ్మ ఆ తాడు దగ్గర నిలబడి ఉండకపోతే నేనైనా రాసేవాణ్ణా? నాకు తెలియదు. నీకు ఆ రోజు తాడు దగ్గర ఎవరూ నిలబడలేదు, అంతేనేమో.

ఆ వచ్చే ఆదివారం చిన్నమ్మ మళ్లీ రమ్మంది. నీ పాత ఫోను ఇంకా చార్జింగు పెట్టి గూట్లో ఉంచుకుంది. ప్రతి ఆదివారం పొద్దున మోగుతదంట. ఆమె ఎత్తి "లేడు" అంటుందంట. అవతల ఆయన హిందీలో ఏదో మాట్లాడి, కాసేపు ఆగి, పెట్టేస్తాడంట. ఏడాది పొడుగునా ఆయన మాట ఈమెకు తెలియదు, ఈమె మాట ఆయనకు తెలియదు.

నేనుండంగానే మోగింది. ఎత్తినాను. గుర్మీత్. ముసలి గొంతు, పెద్ద గొంతు. నువ్వు చచ్చిపోయినావని హిందీలో చెప్పినాను. అవతల దూరంగా ఏదో పంపుసెట్టు చప్పుడు. తర్వాత మెల్లగా, ఈ ఏడు రాలేదు, నా మీద అలిగినాడు అనుకున్నాను అన్నాడు.

ఏటా పోయేవాడివంట గదా. పంట కోతలైనాక, ఆయన పల్లెకు. మూడు రోజులు ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడివంట. పెద్దగా మాట్లాడుకునేదేమీ లేదంట. అన్నిమార్లు అంత దూరం ఎందుకొస్తాడో అడగాలని ఎప్పుడూ తోచలేదు, దోస్తు గదా వస్తాడు అనుకున్నాను అన్నాడు.

చిన్నమ్మ నా మొహం వైపే చూస్తా ఉంది. నువ్వు రాయకుండా దాచిన మాట చెప్పమనే నన్ను పిలిచింది. నీకు హిందీ వస్తది, నువ్వు చెప్పు నాయనా, ఈ భారం మీ చిన్నాయన నెత్తిన పెట్టుకునే పోయినాడు, నేను మోయలేకున్నా అంది.

నోటి దాకా వచ్చింది. రాలేదు. ముప్పై ఏళ్ల మాట, మంచం మీద ఉన్న మనిషికి, నువ్వు పోయినావని విన్న నిమిషంలోనే, తెలియని గొంతుతో... ఫోన్లో చెప్పే మాట కాదు. మళ్లీ చేస్తానని పెట్టేసినాను. సగమే చెప్పినాను చిన్నమ్మా అన్నాను. ఆమె సరే అంది. మేకలకు కొమ్మ ఏసేదానికి లేచి పోయింది.

పోయిన వారం కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ముగ్గురు కొత్త పైలెట్లు చేరినారంట, టర్బైను మీదికి. వాళ్లకు స్టార్టు నేర్పమన్నారు. ఎగరడం ఇప్పుడే కాదు, నేర్పడం మాత్రం. ఎవురు అడిగినారో తెలుసా? స్రవంతి. "ఆ రోజు పుస్తకంలో ఆ రెండు వరసలు చదివింది నేనే గదా, నేర్పితే ఆ మనిషే నేర్పాల" అని పైవాళ్లకు చెప్పిందంట. నాకు సంతోషం కావాల్సింది. కూర్చుని ఏడ్చినాను. అంత అలసిపోయినాను చిన్నాయనా...

సోమవారం మొదలు. మొదటి రోజు ముల్లు గురించి, బ్యాటరీ గురించి చెప్పను. మైకులో పేరు పిలిస్తే నేను ఎత్తిన చెయ్యి గురించి చెప్తా. ఆ తర్వాత చూపించిన బొటనవేలు గురించి చెప్తా. ఎగిరిన ఆ ఒక్క ట్రిప్పు గురించి కూడా. నవ్వితే నవ్వనీ.

నీ సంగతి వాళ్లకు చెప్పను. అది వాళ్లది కాదు.

అది గుర్మీత్‌ది. ఆయనకు చెప్పాల. పాఠాలు అయినాక రైలుకు టికెట్టు తీసుకున్నాను, చిన్నమ్మ జొన్నరొట్టెలు కట్టిస్తానంది. నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుని, ఎదురుగా, మొహం చూసి చెప్తా. ఆయన తిడితే వింటా. పొమ్మంటే పోతా. ఏమీ అనకపోతే మూడు రోజులూ కూర్చుంటా, నీ బదులు.

ఎండ వాకిట్లోకి వచ్చింది. అమ్మకు సద్ది తీసుకుని చేలోకి పోవాల.

ఉంటాను చిన్నాయనా.

దానియేలు